పస్తు, పథ్యము, ఉపవాసము

అన్నము ముట్టకుండుటకు తెలుగునాట మూడు పేర్లు గలవు. ఇంట గింజ లేక పండుకొనుట పస్తు. జ్వరము దిగుటకై వైద్యుని మాటపై కడుపు మాడ్చుకొనుట లంఖణము. దేవుని సన్నిధిని వెదకుచు భోజనము విడుచుట ఉపవాసము. మూడింటను కడుపులోని మంట ఒక్కటియే. అయినను పస్తున్నవానిని చూచి లోకము జాలిపడును, లంఖణమున్నవానిని పరామర్శించును, ఉపవాసమున్నవానిని గౌరవించును. ఆకలి వెనుకనున్న కారణమును బట్టి పేరు మారుచున్నది. పేరుతో పాటు దాని విలువయు మారుచున్నది.

ఈ కాలమున మరియొక విధమైన ఆకలి విశ్వాసుల గృహములలోనికి వచ్చినది. శరీరపు బరువు తగ్గించుకొనుటకై పూట భోజనము మానుట అది. కొందరు ఉదయపు ఫలహారము విడుచుచున్నారు. కొందరు ప్రొద్దుగ్రుంకిన తరువాత ఏమియు ముట్టరు. మరికొందరు దినములో ఎనిమిది గంటల వ్యవధిలోనే తిని, తక్కిన పదునారు గంటలు మంచినీళ్లతో గడుపుచున్నారు. ఈ పద్ధతిని కూడ ఉపవాసమనియే పిలుచుట వాడుకయైనది. శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఒక సహోదరి, "ఇందువలన రెండు మేళ్లు గలవు; ప్రార్థనయు జరుగును, బరువును తగ్గును" అని చెప్పినయెడల ఆమెకు ఏమని ప్రత్యుత్తరమియ్యవలెను? నవ్వి ఊరకుండవచ్చునా? గద్దింపవచ్చునా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నదేగాని, దేహమునకును భక్తికిని గల సంబంధమంతయు దీనిలో ఇమిడియున్నది.

గడియారమునకు గల శక్తి

మొదట వాస్తవమేమో తెలిసికొనవలెను. వాస్తవము తెలియనిచోట నీతిని గూర్చిన తీర్పు నిలువదు. భోజనవేళ మార్చినంతమాత్రమున, లేక పూట మానినంతమాత్రమున బరువు తగ్గునా?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాన్ ఫ్రాన్సిస్కో శాఖలోని పరిశోధకులు 116 మందిని పండ్రెండు వారములు పరీక్షించి, 2020లో ఫలితములు ప్రకటించిరి. మధ్యాహ్నము 12 గంటలు మొదలుకొని రాత్రి 8 గంటల లోపుగా మాత్రమే తినినవారు సగటున 0.94 కిలోలు తగ్గిరి. దినమునకు మూడు పూటలు క్రమముగా తినినవారు 0.68 కిలోలు తగ్గిరి. ఈ రెంటి భేదము లెక్కింపదగినది కాదని తేలినది. 2022లో చైనా దేశపు గ్వాంగ్జౌ నగరమునుండి ఒక యేడాది పరీక్ష ఫలితములు వెలువడినవి. అందు 139 మంది స్థూలకాయులు పాల్గొనిరి. ఇరు పక్షములవారును ఆహారపు పరిమాణము తగ్గించిరి. ఒక పక్షమువారు అదనముగా ఉదయము 8 మొదలు సాయంకాలము 4 వరకే తినిరి. వీరు సుమారు 8 కిలోలును, వారు సుమారు 6.3 కిలోలును తగ్గిరి. ఈ భేదమును సయితము గడియారపు ఫలమని చెప్పుటకు గణితశాస్త్రము ఒప్పుకొనలేదు. ఇరువురిని తగ్గించినది పళ్లెములోని కొలతయే.

ఉదయపు ఫలహారము మానినవాడు లావగునను నమ్మకము గూడ నిలువలేదు. మెల్బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయమువారు పదుమూడు పరీక్షలను కూర్చి చూచి, ఫలహారము మానినవారే సగటున అరకిలోకు లోబడి తక్కువ తూగిరని 2019లో ప్రకటించిరి. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయమువారు 2022లో మరియొక సంగతి వెల్లడించిరి. దినపు ఆహారములో అధికభాగము ఉదయమే తినినను, రాత్రియే తినినను తగ్గిన బరువు సమానమే. అయితే ఉదయము ఎక్కువగా తినినవారికి దినమంతయు ఆకలి బాధ తక్కువగా నుండెను.

కాగా తేలినదేమనగా, దేహము తన పద్దు గంటలను బట్టి వ్రాసికొనదు; వచ్చినదెంత, వ్యయమైనదెంత అని మొత్తము చూచుకొనును. పూట మానుటచేత మొత్తము తగ్గినయెడల బరువు తగ్గును. మధ్యాహ్నము మానినవాడు రాత్రి రెండింతలు వడ్డించుకొనినయెడల ఏమియు తగ్గదు. కొందరికి పూట మానుట సులువైన మార్గము, కొందరికి కాదు. అంతకు మించిన మహిమ దానిలో లేదు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు వైద్యునికి చెప్పక పూట మానినయెడల రక్తములోని చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, ఎదుగు పిల్లలకును ఈ మార్గము తగదు.

ఆకలి మనస్సునకు చేయు పని

గడియారమునకు మహిమ లేకపోయినను ఆకలికి మహిమ గలదని కొందరు తలంతురు. ఏ కారణముచేతనైనను కడుపు మాడ్చుకొనినవాడు తన్ను తాను జయించెను గదా, ఆ జయము ఆత్మకు మేలు గదా యని వారి వాదము. దీనిని పరీక్షించుటకు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944–45లో జరిగిన సంగతి తోడ్పడును.

యుద్ధకాలమున మనస్సాక్షి నిమిత్తము ఆయుధము పట్టనొల్లని యువకులు 36 మంది అచ్చట ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞునికి తమ దేహములను అప్పగించిరి. వారిలో అనేకులు క్వేకరు, మెన్నొనైట్, బ్రదరెన్ సంఘములవారు. ఐరోపాలో ఆకలితో కృశించినవారిని మరల నిలువబెట్టుట ఎట్లో తెలిసికొనుటకై వారు 24 వారములు మునుపటి ఆహారములో సుమారు సగముతో జీవించి, తమ బరువులో నాలుగవ వంతు పోగొట్టుకొనిరి. అప్పుడు వారి మనస్సులు ప్రార్థనవైపునకో తత్త్వవిచారమువైపునకో ఎగసిపోలేదు. రేయింబవళ్లు అన్నమే వారి తలంపైనది. వంటల పుస్తకములు చదివిరి, పళ్లెములు నాకిరి, చిన్న మాటకు చికాకుపడిరి, స్నేహితులను విడిచి ఒంటరులైరి. పరీక్ష ముగిసిన పిమ్మట కొందరికి ఎంత తినినను తృప్తి కలుగలేదు.

ఈ చరిత్ర రెండు పాఠములు నేర్పుచున్నది. ఆకలి తనంతట తానుగా ఎవనిని పరిశుద్ధుని చేయదు. మితిమీరిన ఆకలి మనస్సును కడుపునకే బానిసగా చేయును. అయినను ఆ యువకుల ఆకలి ఘనమైనదే. వారి చికాకును బట్టి గాని తగ్గిన బరువును బట్టి గాని దానికి ఘనత కలుగలేదు. ఎన్నడును చూడని పరదేశీయుల నిమిత్తము వారు ఆకలిగొనినందున కలిగెను.

పేరు మార్చిన ప్రమాదము

ఉపవాసము మనుష్యుల యెదుట కనబడుటకు కాదని ప్రభువు కొండమీద బోధించెను. ఆహారమును బట్టి దేవుని యెదుట ఎవడును ఎక్కువవాడు గాని తక్కువవాడు గాని కాడని పౌలు కొరింథీయులకు తెలిపెను. 1522లో జూరిచ్ నగరమున లెంటు దినములలో కొందరు మాంసము తినగా కలిగిన వివాదమున, భోజన విషయమై విశ్వాసికి గల స్వాతంత్ర్యమును జ్వింగ్లీ సమర్థించెను. ఉపవాసమును బహుగా ఆచరించిన జాన్ వెస్లీ సయితము, ఆరోగ్యము దేవుని దానము గనుక దానిని చెరుపునంతగా దేహమును నలుగగొట్టవద్దని హెచ్చరించెను.

కాబట్టి ఆ సహోదరికి ఇయ్యదగిన ప్రత్యుత్తరము గద్దింపు కాదు. మోకాళ్ల నొప్పికో రక్తపోటునకో బరువు తగ్గగోరుట పాపము కాదు. దేహమును కాపాడుకొనుట విశ్వాసికి అప్పగింపబడిన పనియే. అయితే దానికి తెలుగులో వేరొక చక్కని పేరు గలదు, అది పథ్యము. పథ్యమునకు ఉపవాసమని పేరు పెట్టినప్పుడు రెండును చెడును. ప్రార్థన తరాజుకు తోడుగా నిలిచిన పనివాడగును. బరువు తగ్గిన వారమున దేవుడు సంతోషించినట్లును, తగ్గని వారమున విడిచిపెట్టినట్లును తోచును. ఆమె తన్ను తాను పరీక్షించుకొనుటకు ఒక్క ప్రశ్న చాలును: మూడు నెలలు గడచినను బరువు తగ్గనియెడల నాలుగవ నెల శుక్రవారము ప్రార్థనకు వచ్చునా? వచ్చునని హృదయము చెప్పినయెడల ఆమెది ఉపవాసమే; తగ్గిన బరువు లెక్కలోనిది కాదు.

పథ్యము ఉపవాసముకన్న హీనమని తలంపరాదు. ఆశానిగ్రహము ఆత్మఫలములలో ఒకటి. విస్తరి ముందు కూర్చుండకుండుటకన్న, కూర్చుండి, రుచి యెరిగి, చాలునని చేయి తీయుట కష్టతరము. ఆ నిగ్రహము పండుగ విందులోను, మామూలు దినపు చద్దన్నము యొద్దను ఒక్కటిగానే పరీక్షింపబడును.

లావైన ప్రతివాడు తిండిపోతు కాడనియు విశ్వాసులు ఎరుగవలెను. వంశపు లక్షణములు, గ్రంథుల వ్యాధులు, కొన్ని మందులు, నిద్రలేమి, కదలిక లేని ఉద్యోగములు ఇవన్నియు బరువును పెంచును. ఎంత తినినను సన్నగానే యుండు తిండిపోతులును గలరు. ఆరాధన ముగిసి గుమ్మము దాటుచున్న ఆడపిల్లతో, "ఇంత లావైతివేమి? సంబంధములు ఎట్లు కుదురును?" అని పెద్దలు పలుకు మాట ఆమెను మరునాడు బడిలో అన్నపు డబ్బా తెరువకుండ చేయగలదు. అట్టి ఆకలికి ఉపవాసమను పేరు తగదు, పథ్యమను పేరును తగదు. అది ఇతరుల నోటినుండి ఆ బిడ్డ కడుపులో పడిన పస్తు.

మానిన ముద్ద

ఆ పస్తును గూర్చి కూడ చెప్పవలెను. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఈ దేశమున 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 24 మంది అధిక బరువు గలవారు, నూటికి 18.7 మంది ఉండవలసినదానికన్న తక్కువ బరువు గలవారు. ఒకే వీధిలో ఒక యింటి స్త్రీ పూట మానుటకు ప్రయాసపడుచుండగా, మరియొక యింటి స్త్రీ పూట గడుపుకొనుటకు ప్రయాసపడుచున్నది. ఒక్కొక్కప్పుడు ఆ ఇద్దరును ఒకే గడపలో నుందురు: యజమానురాలు పదునారు గంటలు లెక్కించుకొనుచుండును, పనిమనిషి తెల్లవారినది మొదలు మూడిండ్లు ఊడ్చి, మధ్యాహ్నము మూడు గంటలకు మొదటి ముద్ద తినును. ఆమె మానిన ఫలహారమునకు ఎవరును పేరు పెట్టలేదు.

ఆకలిగొనినవానికి ఆహారము పంచిపెట్టుటయే తనకు ఇష్టమైన ఉపవాసమని దేవుడు యెషయా ద్వారా తెలిపెను. ఆ ప్రవక్త మాట ప్రకారము, ఎన్ని గంటలు తినకుంటివన్నది ప్రశ్న కాదు. తినని ఆ యన్నము ఎచ్చటికి పోయెనన్నది ప్రశ్న.

మిజోరంలోని ప్రెస్బిటేరియన్ గృహములలో 1910 ప్రాంతమునుండి ఒక యాచారము సాగుచున్నది. వంటకు బియ్యము కొలిచిన ప్రతి పర్యాయమును గృహిణి ఒక పిడికెడు తీసి వేరుగా నుంచును. దానిని బుహ్‌ఫాయ్ థామ్ అందురు. ఆ బియ్యము సంఘమునకు చేరి, అమ్ముడుపోయి, సువార్త సేవకు వినియోగపడుచున్నది. అచ్చట ఎవరును పూట మానలేదు, ఎవరును గంటలు లెక్కింపలేదు. ప్రతి పూటయు కుండలో ఒక పిడికెడు తగ్గినది. ఆ తగ్గినది మరియొకరికి చేరినది.

శుక్రవారమున ఆ సహోదరి మరల ప్రార్థనకు వచ్చును. ఆమె వండక మానిన సోలెడు బియ్యము డబ్బాలోనే యున్నది. వచ్చునప్పుడు దానిని చెంగున కట్టుకొని పనిమనిషి గుమ్మమున విడిచి వచ్చినయెడల, ఆ దినపు ఆకలికి ఏ పేరు పెట్టవలెనో ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు.