కట్టినవాడు గొప్పా? కాపాడినవాడు గొప్పా?



టెక్కలి నుండి సంతబొమ్మాళి మీదుగా సముద్రం వైపు వెళితే భావనపాడు వస్తుంది. గత శతాబ్దంలో అక్కడ చేపల రేవు కట్టారు. కాని మొగ ఇసుకతో పూడిపోయింది. పడవ లోపలికి రాలేకపోతే అది రేవెలా అవుతుంది?

ఇది సముద్రం పగబట్టి చేసిన పని కాదు. నైరుతి గాలులు వీచే నెలల్లో కెరటాలు ఏటవాలుగా ఒడ్డును తాకి, ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తోసుకుపోతాయి. అడ్డంగా రాతికట్ట వేస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసులో 1876లో మొదలైన రేవు కట్టలను 1881 తుపాను విరగ్గొట్టింది. మళ్లీ కట్టారు. దాని దక్షిణాన మెరీనా ఇసుకతీరం పెరిగింది. ఉత్తరాన రాయపురం ఒడ్డు కోతకు గురైంది. విశాఖలో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేశారు. 1933లో ఆ రేవు ప్రారంభమైంది. అయినా పని ముగియలేదు. చేరిన ఇసుకను తవ్వి, ఉత్తరాన ఉన్న బీచికి చేర్చే పని నేటికీ తప్పడం లేదు.

శిలాఫలకం మీద పేరు కట్టించినవారికే దక్కుతుంది. ఇసుక తవ్వేవాడికి ఫలకం ఉండదు. ఇది న్యాయమేనా?

కట్టకుండా కాపాడేదేముంది అని మీరడగవచ్చు. నిజమే. ఇంకొక మాట కూడా ఉంది. ఉనికినివ్వడం, దాన్ని నిలపడం దేవునిలో రెండు వేర్వేరు కార్యాలు కావని, అది ఒకే కార్యపు కొనసాగింపని పునీత తోమాసు అక్వీనాసు బోధించాడు. సూర్యుడు తొలగితే గాలిలో వెలుగు నిలవదు కదా! అయితే మేస్త్రి వెళ్లిపోయినా ఇల్లు నిలుస్తుందని కూడా ఆయనే అన్నాడు. మనిషి పని అటువంటిది. అందుకే మనం మోసపోతాం. కట్టాం కనుక ఇక అదే నిలుస్తుందనుకుంటాం. సముద్రపు ఒడ్డు ఆ భ్రమను పోగొడుతుంది.

ఒకసారి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నాతో అన్నాడు: "ఫాదరు గారూ, వల కొనడం ఒక్క పూట పని. కుట్టుకోవడం బతుకంతా పని."

ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది ఎవరు? సొంత తీరాన బతుకు సాగక మన జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతున్నారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లి పాకిస్తాన్ చెరలో చిక్కినవారిలో మన జిల్లా బిడ్డలున్నారు. 2020 జనవరిలో గాని వారు ఇంటిముఖం చూడలేదు. వలసకు రేవు లేకపోవడం ఒక్కటే కారణమని అనను. కాని అది చిన్న కారణం కాదు.

2023 ఏప్రిల్ 19న అదే తీరాన మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. మంచిదే. అయితే మనం అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. పదేళ్ల తర్వాత మొగ తవ్వేదెవరు? ఉత్తరాన ఉన్న పల్లె ఒడ్డు కోసుకుపోతే ఆదుకునేదెవరు? మొదటిది శ్రద్ధకు, రెండవది పొరుగువానిపట్ల న్యాయానికి సంబంధించినది.

మన ఇళ్లలో మాత్రం? పెళ్లికి పందిరి ఘనంగా వేస్తాం. ఆ తర్వాత మనసుల మధ్య రోజూ ఇసుక చేరుతుంది. దాన్ని ఏనాటికానాడు తీసివేసేవారిని ఎవరూ పొగడరు. కాని ఆ ఇంటి మొగ తెరిచి ఉండేది వారి వల్లనే.