తీర్పుకు ముందటి మాట: జెర్సీ దీవి ‘హారో’ కేక - ఒక నైతిక విచారం

విచారణ జరగకముందే, ఆరోపణ రుజువు కాకముందే, ఒకరి మాట మరొకరి చేతిని ఆపవచ్చునా? సివిల్ వ్యాజ్యాల వెనుక నిత్యం నిలిచి ఉండే ఈ ప్రశ్నకు ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ, గెర్న్సీ దీవుల ఆచారన్యాయం విలక్షణమైన సమాధానం ఇచ్చింది.

ఈ దీవులు ఒకప్పటి నార్మండీ రాజ్యభాగాలు. 1204లో ఇంగ్లండు రాజు జాన్ నార్మండీ ప్రధాన భూభాగాన్ని కోల్పోయినా దీవులు ఆంగ్ల రాజాధికారం కిందనే నిలిచాయి. నేటికీ అవి యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగాలు కావు. వాటికి సొంత శాసనసభలు, రాయల్ కోర్టులు ఉన్నాయి. చివరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘానికి చేరుతుంది. సుమారు 118 చదరపు కిలోమీటర్ల జెర్సీలో గోడ, దారి, సరిహద్దు వంటి తగాదాలలో వాది, ప్రతివాది, సాక్షి తరచు ఇరుగుపొరుగువారే.

అక్కడి ‘క్లామర్ ద హారో’ అనే ఆచారం ప్రకారం, తన స్థిరాస్తి అనుభవానికి భంగం కలుగుతున్నదని భావించినవాడు ఆ చోటనే మోకరిల్లి, సాక్షుల సమక్షంలో, ‘హారో’ అని ముమ్మారు కేక వేసి, తనకు అన్యాయం జరుగుతున్నదని, ఆదుకొమ్మని ప్రభువును ఫ్రెంచి భాషలో వేడుకొంటాడు. గెర్న్సీలో దీనికి క్రైస్తవ ప్రార్థన కూడా తోడవుతుంది. కేక వినబడిన క్షణం నుంచి ఎదుటివాడు పని ఆపవలసిందే. ఆపై వివాదం న్యాయస్థానానికి చేరుతుంది. కేక అకారణమని తేలితే వేసినవాడు దండన చెల్లించాలి.

ఇటువంటి భావన తెలుగువారికి అపరిచితం కాదు. తెలుగు నిఘంటువులు నమోదు చేసిన ‘దురాయి’ రాజు పేరిట పెట్టే నిషేధాన్ని సూచిస్తుంది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ పదకోశం ఉత్తర భారతంలోని ‘దుహాయి’ అనే మొరను వివరిస్తూ ఈ నార్మన్ కేకను పోలికగా చూపింది. ‘ఆజ్ఞ’కు తద్భవమైన ‘ఆన’కు ఒట్టు, ఉత్తరువు అనే రెండర్థాలూ ఉండడం మరింత గమనార్హం. ఒట్టు పలికేవాడిని బంధిస్తుంది. ఉత్తరువు వినేవాడిని బంధిస్తుంది. ‘హారో’ కేకలో ఈ రెండు బంధాలూ ఏకకాలంలో ఏర్పడుతున్నాయి.

దీనిపై బలమైన ఆక్షేపణ ఉన్నది. రుజువు కాని మాటకు తక్షణ ఫలం ఇవ్వడం నిర్దోషిని శిక్షించడమే కదా? పని ఆగితే కాలం, ధనం నష్టమవుతాయి; అసూయాపరుడైన పొరుగువాడికి అదే ఆయుధం కావచ్చు. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేము. అయితే ఆ కేక కోరుతున్నది నమ్మకాన్ని కాదు, వ్యవధిని. ఆగిన పనిని తిరిగి మొదలుపెట్టవచ్చు. కూలిన గోడను, నరికిన చెట్టును తీర్పు యథాస్థితికి తేలేదు. రెండు నష్టాలలో సరిదిద్దగలిగినదానిని ముందుగా భరించడమే న్యాయమని ఈ ఆచారం భావిస్తున్నది. భారత సివిల్ ప్రక్రియా స్మృతి 39వ ఆర్డరు కింద తాత్కాలిక నిషేధాజ్ఞను పరిశీలించేటప్పుడు న్యాయస్థానాలు పూడ్చలేని నష్టాన్ని లెక్కలోకి తీసుకోవడంలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది. భేదం ఒక్కటే: ఇక్కడ ఆ వివేచన న్యాయమూర్తిది, అక్కడ తొలి క్షణంలో బాధితునిదే. అందుకే దండనభయం అనివార్యమైంది. మూల్యం లేని మాటకు అంతటి అధికారం ఇస్తే అది నిరంకుశమవుతుంది.

అయినా ఒక లోపం మిగిలే ఉన్నది. ఈ రక్షణ స్థిరాస్తికే పరిమితం. కూలి దక్కనివాడు, మాటతో గాయపడినవాడు మోకరిల్లినా ఎవరి చేయీ ఆగదు. ‘హారో’ ప్రతిపాదించిన నీతి గొప్పది; దాని పరిధి మాత్రం ఆస్తి సరిహద్దు దాటలేదు. తీర్పుకు ముందు వినబడే హక్కు మనిషిదా, నేల కలిగిన మనిషిదా అన్న ప్రశ్న ఆ దీవులకే కాదు, వ్యాజ్యానికి ఖర్చు పెట్టగలవారికే నిషేధాజ్ఞ అందుబాటులో ఉండే ఏ వ్యవస్థకైనా వర్తిస్తుంది.