ఇచ్చినవాడి పేరు

2023 అక్టోబరులో అమ్మని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అప్పుడక్కడ ‘ట్రీ అండ్ సర్పెంట్’ అనే ప్రదర్శన నడుస్తోంది. క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 వరకూ మన దేశంలో వచ్చిన తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన అది. అమరావతి, నాగార్జునకొండ పేర్లు నాకు కొత్త కాదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు మాత్రం అక్కడ చూసేదాకా నాకు తెలియవు. మన పక్కనున్న కొండని చూడటానికి అట్లాంటిక్ దాటాల్సి వచ్చింది.

అమ్మ ఒక సున్నపురాతి పలక ముందు ఆగింది. పూర్ణకుంభం, అందులోంచి పొంగి వస్తున్న తామరలు. కాసేపు చూసి, చేతులు జోడించింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది:

“ఎవరిచ్చార్రా ఇది?”

లేబుల్ చూసి, అప్పుగా ఇచ్చిన మ్యూజియం పేరు చెప్పాను.

“వాళ్ళు సరే. మొదట ఇచ్చిందెవరు? మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా రాసుకుంటారుగా, ఫలానా వారి జ్ఞాపకార్థం అని. ఇంత రాయి ఇచ్చినవాడు పేరు రాసుకోకుండా ఉంటాడా?”

లేబుల్ మళ్ళీ చదివాను. ఊరు ఉంది, కాలం ఉంది, రాయి రకం ఉంది. ఇచ్చిన మనిషి పేరు నాకు కనబడలేదు. నవ్వేసి ముందుకి నడిచాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికొచ్చింది.

*

అమ్మ ఊహ నిజమే. అమరావతి స్తూపం ఏ ఒక్క రాజో కట్టించి ఇచ్చింది కాదు. పలక పలకా వేరువేరు మనుషులు ఇచ్చారు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు. ఇచ్చినవాళ్ళ పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఆ రాళ్ళ మీదే చెక్కి ఉన్నాయి. మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాల మీద సి. శివరామమూర్తి 1942లో తెచ్చిన పుస్తకం తిరగేస్తుంటే, వాళ్ళలో ఒకాయన తగిలాడు. పేరు విధికుడు. వృత్తి, శాసనం చెప్పినట్టే, చమ్మకారుడు. అంటే తోలు పని చేసేవాడు. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఒక పూర్ణకుంభం పలక దానమిచ్చాడు.

అమ్మ దండం పెట్టిన పలక అదే అని నేననను. కానీ ఆ రెండు రాళ్ళూ ఇప్పుడు నా మనసులో ఒకటైపోయాయి.

అప్పటిదాకా ఇలాంటి శిల్పాల గురించి నాకు ఒకటే వాదన తెలుసు. “మనవి. తెల్లవాళ్ళు ఎత్తుకుపోయారు. తిరిగి ఇచ్చెయ్యాలి.” చాలా సభల్లో ఇది నేనే అన్నాను, చప్పట్లు కూడా పడ్డాయి. విధికుడు పరిచయమయ్యాక ఆ ‘మనవి’ అన్న మాట దగ్గర నోరు తడబడటం మొదలైంది. ఆయన పని చేసే మనుషులని తర్వాతి శతాబ్దాల్లో మనం గుడి బయట నిలబెట్టాం. ఆయన రాయి మీద ఇవాళ నేను ‘మనది’ అంటుంటే, ఆ ‘మనం’లో ఆయన వారసులు ఉన్నారా, లేక ఊరికే లెక్క కోసం కలుపుకుంటున్నానా?

*

అమరావతి రాళ్ళకి ఏం జరిగిందో వరసగా చెప్పుకుంటే ఎవరి చేతులూ శుభ్రంగా కనబడవు.

పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధాని చేసుకున్నాడు. ఊరు కట్టడానికి రాయి కావాలి. దిబ్బ తవ్వారు. పలకలు కట్టడాల్లోకి పోయాయి, శివగంగ చెరువు మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. ఎవరూ పగబట్టి చేసింది కాదు. అది ఏమిటో ఎవరికీ గుర్తులేదు, అంతే. కాలిన్ మెకంజీ ఆ శతాబ్దం ఆఖరి ఏళ్ళలో ఒకసారి చూసి వెళ్ళి, 1816లో మనుషులతో తిరిగొచ్చి బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత పోయిన కొన్ని రాళ్ళకి ఇవాళ ఆ బొమ్మలే ఆధారం. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి చాలా పలకలని మద్రాసు చేర్చాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ ఉన్నాయి. 1859లో వాటిలో నూటికి పైగా రాళ్ళు ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఇరవై ఏళ్ళు అక్కడా ఇక్కడా పడి ఉండి 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

వాటికి చాలాకాలం ఒక పేరుండేది: ‘ఎలియట్ మార్బుల్స్’. ఇచ్చిన విధికుడి పేరు లేదు, చెక్కిన శిల్పి పేరు లేదు. తవ్వి తీసిన దొర పేరు పెట్టారు.

“వాళ్ళు తీసుకుపోకపోతే అన్నీ సున్నమైపోయేవి” అనేవాళ్ళున్నారు. నిజమే కావచ్చు. కానీ నీళ్ళలో పడ్డ పిల్లని బయటికి లాగినవాడికి ఆ పిల్ల మీద హక్కు వస్తుందా? కృతజ్ఞత వస్తుంది. హక్కు రాదు. అలాగే, ఆ పిల్ల మా ఇంటిదే అన్నంత మాత్రాన మేం బాగా చూసుకుంటామన్న హామీ రాదు.

దానికి మన దగ్గరే రుజువుంది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి ఒక శిల్పం దొంగల పాలైంది. బుద్ధుణ్ణి ఆరాధించేవాళ్ళ శిల్పం. అది న్యూయార్క్ బజారు చేరింది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని కొంది. తర్వాత దొంగసొత్తని తేలింది. 2016లో తిరిగి ఇచ్చేశారు. ఇక్కడ బ్రిటిష్ దొర లేడు, ఓడ లేదు. స్వతంత్ర దేశంలో, మన కాపలాలోంచే పోయింది. అటువైపు, తప్పని తెలిసాక తిరిగి ఇవ్వడం సాధ్యమేనని కూడా తేలింది. తిరిగి ఇస్తే మ్యూజియాలన్నీ ఖాళీ అయిపోతాయన్న భయం ఉత్తదే. ఆ గ్యాలరీ ఇంకా నడుస్తూనే ఉంది.

*

ఇంకో మ్యూజియం సంగతి చెప్పాలి. పైకి దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ అనే కళాకారుడి పని ఒకటుంది. 1991 నాటిది. గది మూల, రంగురంగుల కాగితాలు చుట్టిన చాక్లెట్ల కుప్ప. బరువు 175 పౌన్లు, అంటే దగ్గర దగ్గర 79 కిలోలు. వచ్చినవాళ్ళు ఒకటి తీసుకుని తినొచ్చు. కుప్ప తరుగుతుంది. మ్యూజియం వాళ్ళు మళ్ళీ తెచ్చి పోయొచ్చు. కొన్నేళ్ళ కింద మా అమ్మాయి చిన్నప్పుడు అక్కడికెళ్ళాం. తనకైతే స్వర్గమే. ఎక్కడ చూసినా ముట్టుకోవద్దనే చోట, తీసుకోమంటున్నారు! ఒకటి తను తీసుకుంది, ఒకటి నాకిచ్చింది. నోట్లో వేసుకున్నాక లేబుల్ చదివాను.

ఫెలిక్స్ సహచరుడి పేరు రాస్. 1991లో ఎయిడ్స్‌తో పోయాడు. ఆ బరువు రాస్ ఆరోగ్యంగా ఉన్నప్పటి బరువని చాలామంది చెబుతారు. మేం తిన్నది ఆ మనిషి నుంచి రోజూ కాస్త కాస్త తరిగిపోయినదాన్ని. ఫెలిక్స్ కూడా 1996లో అదే జబ్బుతో పోయాడు. నాలుక మీద తీపి అలాగే ఉంది. కానీ అది ఇప్పుడు వేరే తీపి.

2022లో ఆ మ్యూజియం లేబుల్ మార్చింది. రాస్ ఎవరో, ఎయిడ్స్ సంగతేమిటో లేకుండా, బరువు గురించీ కుప్ప గురించీ మాత్రమే మిగిలింది. చూడ్డానికొచ్చినవాళ్ళు నిలదీశారు. మ్యూజియం మళ్ళీ మార్చుకోవాల్సి వచ్చింది. చాక్లెట్లలో ఒక్కటీ తగ్గలేదు, ఒక్కటీ పెరగలేదు. అయినా, రెండు మూడు వాక్యాలు తీసేస్తే ఒక మనిషిని రెండోసారి పోగొట్టుకున్నట్టే అనిపించింది వాళ్ళకి.

ఇక్కడే నాకు అమ్మ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. దానం ఇచ్చిన వస్తువుని జాగ్రత్తగా అట్టే పెట్టి, ఇచ్చినవాడి మాట తీసేస్తే, మనం ఏం అట్టే పెట్టినట్టు?

*

దీనికి ఎదురు ప్రశ్న ఒకటుంది. ఒక మిత్రుడు అడిగాడు: “కథ తెలియకపోతే అందం అందం కాకుండా పోతుందా? మీ అమ్మగారికి విధికుడెవరో తెలుసా? దండం పెట్టారు కదా!”

నిజమే. అందానికి లేబుల్ అక్కర్లేదు. పైగా విధికుడు తన పేరు చెక్కించుకున్నాడు గానీ, ఆ తామరల్ని చెక్కిన శిల్పి పేరు చెక్కించలేదు. మర్చిపోవడం మ్యూజియాలతో మొదలవలేదు. ఎవరి పేరు నిలవాలో తేల్చేది ఎప్పుడూ డబ్బు పెట్టినవాళ్ళే. నేను ఇంత మెచ్చుకుంటున్న విధికుడు కూడా ఆ లెక్కన అమాయకుడేం కాదు.

కానీ అమ్మ దండం పెట్టి ఊరుకోలేదు. ఎవరిచ్చారని అడిగింది. అందం చేసే పని అదే అనుకుంటాను. మనల్ని ఆపుతుంది. ఆగాక అడగాలనిపిస్తుంది. అడిగినవాళ్ళకి జవాబు దొరకకుండా చెయ్యడం దగ్గరే తప్పంతా ఉంది. పెద్ద మ్యూజియాల్లో ఎన్నో లేబుళ్ళ చివర ‘ఫలానా దంపతుల కానుక’ అని ఉంటుంది. అది చివర కొన్నవాళ్ళ పేరు. మొదట ఇచ్చినవాడు మాత్రం రాయి మీద, ఎవరూ చదవని లిపిలో ఉంటాడు.

కాబట్టి నా పాత వాదనని కొంచెం మార్చుకున్నాను. తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది ఒక్కో వస్తువు సంగతి చూసి తేల్చాలి. చందవరం శిల్పం లాంటి వాటి విషయంలో అనుమానమే లేదు, ఇవ్వాలి. రెండు వందల ఏళ్ళ కింద పోయిన వాటి విషయంలో వాదన సాగుతుంది, సాగాలి కూడా. కానీ ఆ వాదన తేలేదాకా ఆగనక్కర్లేని బాధ్యతలు రెండున్నాయి. దానం చేసిన వస్తువు ఎవరి చేతిలో ఉన్నా, లండన్‌లో ఉన్నా ఎగ్మోర్‌లో ఉన్నా, వాళ్ళు దాని యజమానులు కారు, ధర్మకర్తలు. మొదటిది, మొత్తం దారి చెప్పాలి: ఇచ్చినవాడు, సున్నం బట్టీ, గునపం, ఓడ, అన్నీ. రెండోది, ఎవరి ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరివాళ్ళ కంటబడేలా చెయ్యాలి. విధికుడి ఊళ్ళో ఇవాళ చెప్పులు కుట్టే మనిషి లండన్‌లోని ఆ రాళ్ళని చూడాలంటే వీసా కావాలి. చందమామని చూడ్డానికి టికెట్ పెట్టినట్టు లేదూ?

*

చివరగా నా సంగతి. నేను గుంటూరులో పెరిగాను. అమరావతి అక్కడికి ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్లు. కార్తీకమాసంలో అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. కృష్ణలో స్నానం, గుడి, పులిహోర, బస్సు. అక్కడే ఉన్న స్తూపం దిబ్బ దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎవరూ ఆపలేదు. వీసా అడగలేదు. ఎత్తుకుపోయినవాళ్ళ గురించి సభల్లో మాట్లాడిన నేను, మిగిలినదాన్ని చూడటానికి వెళ్ళలేదు.

కిందటి జనవరిలో సెలవు పెట్టి ఇంటికెళ్ళినప్పుడు అమ్మతో కలిసి వెళ్ళాను. గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలు, గడ్డి. పక్కన చిన్న మ్యూజియం. అమ్మకి మోకాళ్ళ నొప్పి, చెట్టు కింద కూర్చుంది. నేను ఒక చుట్టు తిరిగొచ్చాను.

“ఆ చెప్పులు కుట్టినాయన రాయి ఇక్కడుందా?” అంది.

“లేదమ్మా. మద్రాసులో ఉండాలి.”

కాసేపు దిబ్బ వైపు చూసింది. “అయితే టికెట్లు చూడు. లండన్ కాదుగా, రాత్రి రైలెక్కితే పొద్దున్నకి దిగుతాం.”