అప్పగింపబడిన మాట

ధ్యానభాగము: ఆదికాండము 9:20–23, సామెతలు 11:13



నోవహు మత్తుడై గుడారములో ఒంటిమీద బట్ట లేక పడియుండగా హాము కనుగొనెను. వెంటనే వెలుపలికి వచ్చి అన్నదమ్ములకు చెప్పెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. షేము, యాపెతులైతే వెనుకకు నడిచివెళ్లి, చూడకయే తండ్రిని కప్పిరి. నిజము చెప్పుటయు తప్పు కాగలదా? కాగలదని ఈ భాగము నేర్పుచున్నది.

నేడు గుడారము వెలుపలికి వెళ్లనక్కరలేదు, చేతిలో ఫోనున్నది. మన సంఘములలో ప్రార్థన విన్నపములకు వాట్సాప్ గ్రూపులున్నవి. "అందులోని మాటలకు తాళమున్నది గదా" అని కొందరందురు. నిజమే. 2016 నుండి పంపువాని ఫోనులో గుప్తమైన మాట అందుకొనువాని ఫోనులోనే విప్పబడును. నడుమ కంపెనీవారును చదువలేరు. అయితే ఆ తాళము దారిని కాయును గాని, అందుకొన్నవాని చేతిని కాయదు. వదంతులవలన మన దేశమున ప్రాణములు పోగా, 2018లో ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టిరి. ఒక కుటుంబమును బాధించుటకు ఒక్క చోటు చాలును.

మేమును ఇందులో తప్పినవారమే. ఒక తల్లి తన కుమార్తెకు క్షయ సోకినదని కన్నీటితో మాకు చెప్పెను. మేము మేలు కోరియే పేరుతోను, ఆసుపత్రి చీటీతోను గ్రూపులో పెట్టితిమి. సాయంకాలమునకు అది పొరుగూరు చేరెను. కుదిరిన సంబంధము తప్పిపోయెను. మేము దానిని తొలగించితిమి గాని, అప్పటికే ఎందరి ఫోనులలో నిలిచెనో! క్షమాపణ అడుగుటకు ఆ యింటికి వెళ్లగా ఆమె, "అయ్యగారూ, మీతో చెప్తే దేవుడితో చెప్పినట్టే అనుకున్నాను" అనెను. మందులతో క్షయ నయమైనది. ఆ మాట మాత్రము ఇంకను మమ్మును గుచ్చుచున్నది.

మన చెవిని పడినంతమాత్రమున పరుల సంగతి మన సొత్తు కాదు. అది మనకు అప్పగింపబడినది. మేలు కోరితిమనుట చాలదు. వారి సెలవు కావలెను. తలుపు వేసికొని ప్రార్థించుమని నేర్పిన ప్రభువునకు చీటీ చూపనేల? "ఒక సహోదరి స్వస్థత కొరకు" అన్నను ఆయనకు తెలియును.

అయితే పసివారిని, బలహీనులను హింసించువానిని దాచుట ఈ ధర్మము కాదు. అట్టి సంగతి తగిన అధికారులకు తెలుపవలెను.

మన సొంత సంగతులయందును మెలకువ కావలెను. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకముల ఫొటోలు గ్రూపులలో పెట్టకుడి. ఫోనుకు వచ్చిన ఓటీపీని మా పేరుతో ఎవరడిగినను చెప్పకుడి, పేరు దొంగిలించువారున్నారు.

ఇకమీదట వేలు నొక్కకముందు ఇట్లు ప్రశ్నించుకొందము: ఇది ఎవరి సంగతి? వారు సెలవిచ్చిరా? ఇయ్యనియెడల వస్త్రము చేతపట్టి వెనుకకు నడిచిన ఆ ఇద్దరు కుమారులవలె నడుచుకొందము. ప్రభువు మన నోటికిని, వేలికిని కావలి యుంచును గాక. ఆమేన్.