ఎవరు దిద్దాలి మా మాటల్ని?

మా అమ్మీ 'అమ్మ' అయింది. ఖబరస్తాన్ శ్మశానం అయింది. దమ్మపేట నుంచి ఓ పత్రికకు పంపిన మా వ్యాసం అలా అచ్చయింది. పైన పేరు మాదే. లోపల ఇల్లు మాత్రం మాది కాదు. ఆ ఒక్క మాట మార్చేసరికి మా నానీమా చావు కూడా మాది కాకుండా పోయింది.

ఇక ఎవర్నీ అడగొద్దు, మన పుస్తకం మనమే వేసుకుందాం అనుకున్నాం. మాకంటే ముందు నడిచినవాళ్లున్నారు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ముస్లింవాద కవిత్వం 'జల్‌జలా' వచ్చింది. వేసింది పెద్ద ప్రచురణ సంస్థ కాదు, నల్లగొండలోని నీలగిరి సాహితి. ఎవరి దయా లేకుండా మాట్లాడొచ్చని ఆ పుస్తకం మాకు నేర్పింది.

అయితే సొంత అచ్చుకూ ఓ కష్టం ఉంది. ఐదొందల కాపీలు వేస్తే సగం చుట్టాలకూ దోస్తులకూ పోతాయి. మిగతా సగం మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. మన బాధ మనకే చెప్పుకోవడానికి పుస్తకం ఎందుకు? పక్కింటి హిందువు చదవాలి, కోయగూడెంలో మాస్టారు చదవాలి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకం కాకముందే ఆంధ్రజ్యోతి పాఠకులకు చేరాయి. నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి మాటను అక్కడ ఎవరూ కడిగేయలేదు. ఇప్పుడు 'ఈమాట', 'సారంగ' లాంటి అంతర్జాల పత్రికలున్నాయి. అడవి అంచున మా ఊళ్లో కూచుని సెల్‌ఫోన్లో రాసి పంపితే అమెరికాలో చదువుతారు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మరో సంపాదకుడు మా వ్యాసం తిప్పి పంపుతూ ఓ ప్రశ్న వేశాడు: "ఇందులో మీ ఆపా ఒక్క మాటా మాట్లాడదేం?" ముందు కోపమొచ్చింది. తర్వాత సిగ్గేసింది. బయటివాళ్లు మా నోరు నొక్కారని మూడు పేజీలు రాశాం. ఇంట్లో ఆపా నోరు నొక్కింది మేమే. సొంతంగా అచ్చేసుకుని ఉంటే ఆ ప్రశ్న అడిగేవాళ్లే లేరు.

కాబట్టి అసలు తేడా సొంత అచ్చుకూ పత్రికకూ మధ్య లేదు. దిద్దడానికీ తుడిచెయ్యడానికీ మధ్య ఉంది. మమ్మల్ని ప్రశ్నించే సంపాదకుడు మాకు కావాలి. పంపుతాం, ఎన్నిసార్లయినా తిరగరాస్తాం. అమ్మీని అమ్మ చేస్తేనే అచ్చేస్తామంటే మాత్రం వెనక్కి తెచ్చుకుంటాం, అప్పు చేసైనా మేమే వేసుకుంటాం. ఆ పుస్తకంలో ఆపా మాట ఆపాయే రాస్తుంది.