మౌనమును అసత్యమే యగునా?

గోస్పాడు వంటి యూర ఎరువుల కొట్టో, కిరాణా యంగడియో పెట్టుకొన్న చిన్న వర్తకునకు సరకే సర్వస్వము. 2019 సెప్టెంబరులో కుండపోత వానలకు కుందూనది పొంగి నంద్యాల ప్రాంతము జలమయమైనపుడు, ఆ సర్వస్వ మెంత యస్థిరమో యందఱును చూచిరి. అట్టి వర్తకుల బీమా వ్యవహారములు చూచుటకు కంపెనీ నియమించిన యుద్యోగి యెవరి మనిషి? జీతము కంపెనీ యిచ్చుచున్నది. నమ్మకము వర్తకు డిచ్చుచున్నాడు.

20 లక్షల సరకునకు వర్తకుడు 10 లక్షలకే బీమా చేసెననుకొందము. 4 లక్షల సరకు తడిసి చెడినచో నాతనికి 4 లక్షలును రావు; సగపాలు బీమాకు సగపాలు పరిహారమే, అనగా 2 లక్షలే వచ్చును. 2021 ఏప్రిలు నుండి చిన్న వ్యాపారములకై వచ్చిన పాలసీలో నూటికి 15 వఱకు తక్కువ బీమాను మన్నించిరి. అంతకు మించినచో పాత లెక్కయే. ఈ సంగతి యుద్యోగి యెఱుగును, వర్తకు డెఱుగడు. చెప్పినచో ప్రీమియము పెరుగును, బేరము పొరుగువానికి పోవును. కావున నాతడు అబద్ధమాడడు, ఊరకుండును.

“అన్నియు కాగితముమీద నున్నవి కదా, చదువుకొనకపోవుట వర్తకుని తప్పు” అని కొందఱందురు. సంతకము చేయువాడు చదువవలసినదే. కాని చదివినను బోధపడని భాషలో వ్రాసి, బోధపఱచుటకై యొక మనిషిని పంపగా, ఆ మనిషియే నోరు మూసికొన్నచో తప్పెవరిది? తెలిసినవాని మౌనము తెలియనివానిని ముంచునపుడు అది యసత్యమే యని మా యభిప్రాయము. 1766లో ఇంగ్లండున కార్టరు, బోముల వ్యాజ్యమునందు మాన్స్‌ఫీల్డు ప్రభువు, బీమాలో తా మెఱిగినది దాచరాదను ధర్మ ముభయపక్షములకును చెందునని చెప్పెను. వర్తకుడు దాచినచో పరిహార మాగిపోవును. ఉద్యోగి దాచినచో బేరము కుదురును. ఇది యేమి న్యాయము?

జీవిత బీమా సంస్థ తన ధ్యేయవాక్యమును భగవద్గీతనుండి గైకొన్నది. అందలి యోగమనగా లేనిది పొందుట, క్షేమమనగా పొందినది కాపాడుకొనుట యని శంకరులు వ్యాఖ్యానించిరి. అంగడి బీమాలో యోగము లేదు, క్షేమము మాత్రమే కలదు. కాపాడెదనని వచ్చినవాడు, కాపాడలేని దేదో ముందుగా చెప్పవలెను. వఱద వచ్చిన మఱునాడు చెప్పు సత్యము సత్యమే కాని, దానివలన ఫలము లేదు.

నెలకింత బేరము తెమ్మని పైవారు తరుముచుండగా ఉద్యోగి యేమి చేయునని యడుగవచ్చును. నిజమే, ఆ దోషములో పైవారికిని పాలు గలదు. అయినను “మీ సరకు విలువ యెంత? ఇంత పోయినచో ఇంతయే వచ్చును” అని చెప్పుటకు నిమిషము చాలును. పోయిన బేరము మఱియొక యూర దొరకును. కొట్టు పోయిన కుటుంబమునకు మఱియొక కొట్టు దొరకదు. మా పాఠకులలో వర్తకము చేయువారు ఈ ప్రశ్నను తామే ముందుగా నడుగుదురు గాక. వినువాడు తడబడినచో, తెలియజెప్పువఱకు సంతకము మానుదురు గాక.