తడి ఆరాలె, చేవ మిగలాలె





మన నారాయణపేట దిక్కు చాలా ఇండ్ల పెరట్లో వేపచెట్టు ఉంటది. గోడ మీదికి ఒరిగిందనో, అర్ర కట్టాలనో ఒక్కోసారి దాన్ని కొట్టక తప్పదు. అప్పుడు వాడలో పెద్దలంటరు: "అది పోశమ్మ చెట్టు, యాటను కోయకుండ గొడ్డలి పెట్టొద్దు." మనం యాటను కోయం. వాల్టా చట్టం కింద అనుమతి తీసుకొని కొడతం, బదులుగా రెండు మొక్కలు నాటుతం. ఇంతవరకు మంచిదే. అసలు పని ఆ తర్వాత మొదలైతది.

మొద్దును కోత మిషన్‌కు తోలితే పూటలో పలకలు చేతికొస్తయి. పచ్చి పలక నున్నగ, సక్కగ కనిపిస్తది. నేను వడ్లాయనను తొందరపెట్టి వెంటనే తలుపు చేయించిన. ఎండలు ముదిరేసరికి అది వంకర తిరిగి పగిలింది. తప్పు చెట్టుది కాదు, వడ్లాయనది కాదు. ఆరనియ్యని నాది.

అప్పుడాయన పద్ధతి చెప్పిండు. పలకలను నేలకు తగలకుండ ఇటుకల మీద పేర్చాలె. పలకకూ పలకకూ నడుమ ఒకే మందం బద్దలు పెడితే గాలి ఆడుతది. కొసలకు రంగు పూయాలె, లేకుంటే అవే ముందు ఆరి చీలుతయి. పైన బరువు పెట్టాలె. అంగుళం మందానికి ఇంచుమించు ఏడాది, అదీ నీడలో. ఎండలో పెడితే పైపొర ఆరి బిగుసుకుంటది, లోపల తడి అట్లనే ఉంటది. ఆ గుంజులాటకే పలక పగులుతది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకొని, లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించిండు. దీక్ష ఒక్కరోజుది. కోత కూడా ఒక్కరోజుదే. తరతరాల కులం తడి మాత్రం ఒక్కరోజుల ఆరదు. కాదంటరా? పిల్ల పెండ్లి మాట రాంగనే మాల, మాదిగ లెక్క ఎందుకు తీస్తున్నం? ఏప్రిల్ 14 ర్యాలీ అయిపోంగనే సీసా ఎందుకు తెరుస్తున్నం? బిడ్డకు జ్వరమొస్తే చాటుగ ముడుపు ఎందుకు కడుతున్నం? పైపొర ఆరింది, లోపల తడి ఉంది. అందుకే మన సంఘాలు పగులుతున్నయి.

దేవదత్తుడు సంఘాన్ని విడిచిపోయిన కొత్తలో, రాజగృహం దగ్గర గృధ్రకూటం మీద బుద్ధుడు భిక్షువులకు మహాసారోపమ సుత్తం చెప్పిండు. పాళీలో సారమంటే మనం చెట్టులో చేవ అనేదే. ఒకడు చేవ కోసం అడవికి పోయి, కొమ్మలూ ఆకులూ తెచ్చుకొని అదే చేవ అనుకున్నడట. లాభం, గౌరవం, పేరు ఆ కొమ్మల వంటివన్నడు బుద్ధుడు. శీలం, సమాధి అందుకున్నా అక్కడే ఆగిపోవద్దన్నడు. చలించని చిత్తవిముక్తే చేవ అన్నడు. మరి మన నీలి కండువా, వేదిక మీది కుర్చీ ఏ లెక్కలోకొస్తయో మీరే ఆలోచించండి.

ఈ ఆదివారం వందన అయినంక ఇంటిల్లిపాదీ కూర్చొని 22 ప్రతిజ్ఞలు చదవండి. మీ ఇంట్లో ఏది ఇంకా పచ్చిగ ఉందో ఒక్కటి ఎంచుకోండి. ఆడవాళ్ళనూ పిల్లలనూ అడగండి, వాళ్ళు దాచకుండ చెప్తరు. ఏడాదంతా ఆ ఒక్కదాని మీదనే పనిచేయండి. తొందరపడొద్దు, మధ్యలో విడువొద్దు.

మిగిలిన వేప పలకలను నేను నీడలో పేర్చిన. అవి ఆరినంక వడ్లాయన చేసిన అరలో ఇప్పుడు 'బుద్ధుడు - ఆయన ధమ్మము' ఉంది. ఆ అర ఇప్పటికీ వంగలేదు.

సాధు! సాధు! సాధు!